ఖాళీగా వదిలిన నాలుగో గడి

ఆ మంగళవారం ఉదయం అన్నయ్య చివరగా చేసిన పని, ముక్కూ మొహం తెలియని ఒకావిడకి రెండు లైన్ల జవాబు రాయడం. "మీ ఫొటో ఫైలు పేరులో మధ్య ఖాళీ ఉంది. అది తీసేసి మళ్లీ పంపండి, ఎక్కుతుంది." అది రాసి, కంప్యూటరు ఆపి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడట. వదిన చల్లారిపోయిన టిఫిను పళ్లెం ముందుకు తోసింది. సగం తిని ఆఫీసుకి బయల్దేరాడు. రెండో అంతస్తు మెట్ల మలుపులో కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. యాభై మూడేళ్లు.

అన్నయ్య ఒక రవాణా కంపెనీలో కంప్యూటర్ల మనిషి. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా, సీలింగు ఫ్యాను తిరక్కపోయినా అక్కడ ఆయన్నే పిలిచేవారు. అది ఉద్యోగం. ఆయన్ని అరగదీసింది మాత్రం వేరే పని. ఇంట్లో, వదిన కుట్టుమిషను పక్కన, గోడవైపు తిరిగి కూర్చుని రోజూ పొద్దున్నే గంటంబావు చేసేవాడు.

ఆ పనేమిటో బంధువులకి చెప్పడం మాకెవరికీ చేతకాలేదు. బ్లాగు రాసేవాళ్లు మామూలుగా ఆ వెబ్‌సైటు తెరిచి, పాస్‌వర్డు కొట్టి, అందులోనే రాస్తారు. అలా లోపలికి వెళ్లే పని లేకుండా, దూరం నుంచే మన ప్రోగ్రాము చేత కొత్త వ్యాసం పెట్టించవచ్చు, పాతది దిద్దించవచ్చు, ఫొటో ఎక్కించవచ్చు, అక్కర్లేనిది తీయించవచ్చు. ప్రోగ్రాముకీ బ్లాగుకీ మధ్య ఆ మాటలు నడిపే కోడంతా అన్నయ్య ఒకచోట మూటగట్టాడు. ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేశాడు. అలాంటి మూటని లైబ్రరీ అంటారు. మా చిన్నత్త ఒకసారి, "లైబ్రరీ అంటావు, ఇన్నేళ్లలో ఒక్క పుస్తకమన్నా ఇంటికి తేవేంరా?" అని అడిగింది.

"అందులో పుస్తకాలుండవత్తా, ఫిర్యాదులుంటాయి," అన్నాడు.

నిజంగానే ఫిర్యాదులు. పద్నాలుగేళ్లపాటు. సవ్యంగా నడిచినంతకాలం ఎవరూ రాయరు. ఆగిన మరుక్షణం, జీతమిచ్చి పెట్టుకున్న నౌకరు పనిలోకి రానట్టు రాస్తారు. బ్లాగు కంపెనీలు తమ వైపు ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాయి. వాళ్లు మార్చినప్పుడల్లా ఈయన ఇటువైపు సర్దాలి. ఒక పక్క కుడితే ఇంకో పక్క చిరిగేది.

ఆ లైబ్రరీలో ఒక తప్పుంది. కొత్త వ్యాసం పంపేటప్పుడు నాలుగు గడులు నింపాలి. ఏ బ్లాగు, శీర్షిక ఏమిటి, వ్యాసం ఏది. నాలుగోది, వెంటనే లోకానికి చూపించాలా, డ్రాఫ్టుగా దాచాలా అన్నది. ఆ నాలుగో గడి ఖాళీగా వదిలితే దాచాలి కదా. అన్నయ్య మొదటి ఏడాది తొందరలో, ఖాళీగా ఉంటే చూపించేసేలా రాసేశాడు. ఒక నర్సు తన పై అధికారి మీద కడుపులోదంతా కక్కి, డ్రాఫ్టులో దాచుకున్నాననుకుంది. మర్నాటికి వార్డంతా చదివింది. ఆవిడ ఉత్తరం వచ్చిన రోజు అన్నయ్య అన్నం ముట్టలేదు.

"అయితే మార్చెయ్యి అన్నయ్యా. ఖాళీగా ఉంటే దాచమను. ఎంతసేపు పని?" అన్నాను.

"పనికేముంది, ఒక్క లైను. కానీ ఆ గడి ఖాళీగా వదిలే ఏళ్ల తరబడి పెడుతున్నవాళ్లున్నారే. మారిస్తే రేపట్నుంచి వాళ్ల రాతలన్నీ చప్పుడు లేకుండా డ్రాఫ్టుల్లోకి పోతాయి. కొందరికి ఆ ప్రోగ్రాము రాసిచ్చినవాడు కూడా ఇప్పుడు అందుబాటులో లేడు. ఎవర్ని అడుగుతారు?"

"తప్పని తెలిసీ ఉంచుతావా?"

"తప్పే. కానీ ఇచ్చేసిన మాట."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నర్సుకి క్షమాపణ రాశాడు. ఆ తరువాత ఏడాదికి ఒకరో ఇద్దరో అలాగే దెబ్బ తినేవారు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాసేవాడు, ఒకరికి రాసింది ఇంకొకరికి పంపేవాడు కాదు.

రెండేళ్ల క్రితం డాక్టరు గుండె గురించి గట్టిగానే చెప్పాడు. రోజూ పొద్దున గంట నడవాలి, ఇంకే వేళా కుదరకపోయినా పొద్దున మాత్రం తప్పకూడదు. ఆయనకి ఉన్నదే ఆ గంట. నడకో, లైబ్రరీయో, రెండిట్లో ఒకటి మిగలాలి. వారం రోజులు చూసి వదిన అంది, "నడవమన్నది కాళ్లతోనండీ, వేళ్లతో కాదు."

ఆయనకీ తెలుసు. "అలిసిపోయానే," అని ఫోనులో నాతో అన్నాడు. అంతకు ముందెన్నడూ ఆ మాట అనలేదు. ఎవరికైనా అప్పగించేద్దామని ప్రకటన పెట్టాడు. ముందుకొచ్చిన ప్రతివాళ్లనీ ఒకటే ప్రశ్న అడిగేవాడు, "నాలుగో గడి సంగతి ఏం చేస్తారు?" అందరూ తెలివైనవాళ్లే. మొదటి రోజే సరిచేస్తామన్నారు. థాంక్సు చెప్పి పంపేసేవాడు. అలా తొమ్మిదిమంది వచ్చి వెళ్లారు.

"పెళ్లి సంబంధానికైనా ఇంత వడపోత ఉండదు," అన్నాను.

"ఆ పిల్ల మనింట్లోనే ముసలిదవుతుంది, నువ్వు చూస్తూ ఉండు," అంది వదిన, నోట్లో పిన్నీసులు పట్టుకునే.

నేను చివరిసారి వాళ్లింటికి వెళ్లింది, ఆ మంగళవారానికి ముందరి ఆదివారం. తలుపు తీసిన వదిన, గోడవైపు కనుసైగ చేసి ఊరుకుంది. అన్నయ్య అక్కడే ఉన్నాడు. చెప్పులైనా విప్పకుండా అందుకున్నాను.

"ఇంకా దాని ముందేనా? నీకు బుద్ధుందా అన్నయ్యా? వదిన మొహం ఎప్పుడైనా చూశావా? ఎవరడిగారు నిన్నీ ఊడిగం?"

"ఇది అది కాదే..."

"ఏదైతేనేం. కూర్చున్నది అక్కడేగా."

కుర్చీ వెనక్కి జరిపి నవ్వాడు. "అలవాటు పోవడానికి కాస్త టైము పడుతుంది కదా," అన్నాడు. తాగుబోతులూ ఇదే అంటారన్నాను. వదిన నవ్వింది. ఆయన కూడా నవ్వి, కంప్యూటరు ఆపేసి, నాకు కుర్చీ వేశాడు. ఆ పూటంతా చిన్నత్త మోకాలి ఆపరేషను గురించే మాట్లాడుకున్నాం.

ఆయన పోయాక మూడో వారంలో, ఆ లైబ్రరీ వాడేవాళ్లకి కబురు చేయాలని వదినా నేనూ కంప్యూటరు తెరిచాం. చూసుకునే మనిషి ఇక లేరని నాలుగు వాక్యాలు రాసి, అన్నయ్య పేరుతోనే ఆ లైబ్రరీ పేజీలో పెట్టబోయాను. ఇక్కడ ప్రకటన పెట్టే అధికారం మీకు లేదని వచ్చింది. నాకే సరిగ్గా తెలియక అనుకుని మూడుసార్లు ప్రయత్నించాను. చివరికి ఆ పేజీ అడుగునున్న చిరునామాకి ఉత్తరం రాశాను.

సాయంత్రానికి జవాబు వచ్చింది. రాసినావిడ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. విషయం ఆవిడకి నా ఉత్తరంతోనే తెలిసింది. సంతాపం చెప్పాక ఇలా రాసింది: "నన్నూ నాలుగో గడి గురించే అడిగారు. దాన్ని ముట్టుకోను, ఖాళీగా వదిలినవాళ్లకి పంపేముందు ఒక హెచ్చరిక మాత్రం వచ్చేలా చేస్తానన్నాను. ఆ రోజే తాళాలన్నీ నాకు అప్పగించి, తన పేరు తీసేసుకున్నారు. ఆ తరువాత కూడా ఎవరైనా ఏదైనా అడిగితే, తోచినప్పుడు జవాబు రాసేవారు. అది ఎవరైనా రాయొచ్చు కదా. ఇంట్లో చెప్పే ఉంటారనుకున్నాను."

ఏ రోజో చెప్పమని మళ్లీ రాశాను. తేదీ పంపింది. వదిన గోడమీది క్యాలెండరు తీసి, వేలుపెట్టి ఒక్కొక్క గడీ లెక్కపెట్టింది. ఆ తేదీకీ ఆ మంగళవారానికీ మధ్య పందొమ్మిది రోజులున్నాయి.