తెరిస్తేనే మోగే ఫోను

సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగితే సిరిసిల్లలో పక్కింటివాళ్ల దగ్గు కూడా వినపడుతుంది. దేవదాస్‌కు ఆ నిశ్శబ్దం పడదు. మీసం రాకముందే మరమగ్గం ఎక్కిన మనిషి. పని అయ్యాక మోటరు ఆపి, స్విచ్ కట్టేసి, మళ్లీ ఒకసారి తాకి చూసుకుని గానీ కదలడు.

ఇదివరకు నూలు దిగగానే సాంచాల షెడ్డు ఆసామి రాయమల్లు పనికి రమ్మని మనిషిని పంపేవాడు. ఇప్పుడు ఫోన్ గ్రూపులో 'పని ఉంది' అని పెడతాడు. ముందు 'వస్త' అన్నవాళ్లకే సాంచాలు. దేవదాస్ ఫోన్ మాత్రం మోగదు. యాప్ తెరిస్తేనే పొద్దుటి మెసేజులన్నీ ఒక్కసారిగా దిగుతాయి. అప్పటికి పని తోటి కార్మికుడు కొండల్ చేతిలో ఉంటుంది.

మొబైల్ షాపు సత్తార్ ఫోన్ చూశాడు.

"కాకా, మెసేజ్ సూసినంక ఏం జేస్తవ్?"

"తెరిచిన యాప్‌లన్నీ పక్కకు నూకేస్త. పని అయినంక బంద్ జెయ్యాలె గదా."

"గిది సాంచె గాదు కాకా! యాప్ లోపట నడుస్తనే ఉండాలె. నువ్వే పండుకోబెట్టి, లేపలేదంటె ఎట్ల?"

సత్తార్ సెట్టింగులు మార్చి, యాప్ నడుస్తోందని చెప్పే ఒక చిన్న గుర్తు తెర పైన తెప్పించాడు. అది ఉన్నంతసేపు ఫికర్ లేదన్నాడు.

దేవదాస్ నూకేయడం మానేశాడు. అన్నం తింటూ కూడా ఆ గుర్తునే చూసుకునేవాడు. "పెండ్లయిన కొత్తల నన్ను గూడ గిన్నిసార్లు సూడలే" అంది భార్య చంద్రవ్వ.

కొన్నాళ్లు పని దొరికింది. తర్వాత ఫోన్ తనంతట తానే అప్‌డేట్ అయింది. గుర్తు పోయింది. సత్తార్ మళ్లీ పెట్టాడు. మళ్లీ పోయింది.

"నేను ముట్టలే సత్తార్ భాయ్."

"ఎరుకనే కాకా. ఫోనే బంద్ జేస్తుంది. నాతోని గాదు."

"మరి ఎవలనడగాలె?"

సత్తార్ ఫోన్ అద్దం తుడిచి తిరిగిచ్చాడు.

ఇంతలో బడిపిల్లల బట్టల ఆర్డరు వస్తోందని తెలిసింది. అందులో సాంచాలు దొరికినవాళ్లకు వానాకాలమంతా పని. దేవదాస్ రాయమల్లు దగ్గరికి వెళ్లాడు.

"రాయమల్లన్నా, నూలు వస్తె నాకు జర ఫోన్ కొట్టరాదు?"

"నీకు కొడితె అందరికి కొట్టాలె దేవదాసూ. గ్రూపుల పెడ్త, సూసుకో."

ఇక యాప్ తెరిచే కూర్చున్నాడు. తెర చీకటి కాకుండా బొటనవేలితో తాకుతూ ఉన్నాడు. స్నానానికి వెళ్తే చంద్రవ్వ తాకేది. "గిది ఊయలల పొల్లగాడైంది" అంది.

ఒక మధ్యాహ్నం ఆమె బియ్యం తేవడానికి వెళ్లింది. గోడకు ఆనుకున్న దేవదాస్‌కు కన్ను అంటుకుంది. అతన్ని లేపింది ఫోన్ కాదు, రాయమల్లు షెడ్డులోంచి వస్తున్న సాంచాల చప్పుడు.

తెర నల్లగా ఉంది. తాకాడు. మెసేజులు దిగాయి. 'పని ఉంది.' దాని కింద కొండల్, ముత్యం, అంతయ్య: 'వస్త', 'వస్త', 'వస్త'.

దేవదాస్ కూడా 'వస్త' అని కొట్టాడు. జవాబు కోసం కాసేపు చూశాడు. తర్వాత యాప్‌లన్నీ పక్కకు నూకేశాడు.