మా అత్త దాచుకున్న మాట

మొన్న పొద్దున మా మేనత్త కొడుకు సిద్దిపేట నుంచి ఫోన్ చేసి "అవ్వ పోయింది పిల్లా" అన్నాడు. వాళ్లమ్మను అతను అవ్వ అనే పిలుస్తాడు. గజ్వేల్‌లో నా దగ్గరే ఉంటున్న అమ్మను వెంటబెట్టుకుని దొరికిన బస్సెక్కాను. అత్త అంటే మా బాపుకు అక్క. ఆమె చేసిన మేలు మీకు చెప్పాలంటే ముందు ఒక మాట గురించి చెప్పాలి.

అత్తది చేనేత ఇల్లు, మాదీ అంతే. అప్పట్లో మేమూ సిద్దిపేటలోనే ఉండేవాళ్లం. ఎప్పుడు వెళ్లినా రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుడుతూ ఉండేది. చాయ్‌లో ముంచిన బిస్కెట్ విరిగి పడితే గ్లాసును తిట్టేది. పక్క సందులో మైకు పెడితే మైకును, దోమ కుడితే దోమను తిట్టేది. అవన్నీ ఆమె లెక్కలో "సతాయించెటియి". బండి మీద పోయి ఫోన్ ఎత్తని కొడుకు "రందివెట్టెటోడు", అంటే దిగులు పెట్టేవాడు. తిట్లలో కూడా ఎవరి పీట వాళ్లకే వేసేది.

నేను బళ్లో చదివేటప్పుడు ఒకనాడు లెక్కల సారు మీద కోపంతో నేరుగా అత్త ఇంటికెళ్లి, ఆయన వట్టి గోసపెట్టేవాడని అత్తతో అన్నాను. రాట్నం ఆపేసింది.

"నువ్వు ఏడిస్తె ఏమన్నడు?"

"ఊకో, రేపు జేసుకరా అన్నడు."

"గట్లయితె సతాయించెటోడే. గోసవెట్టెటోడంటె ఎవడో ఎర్కేనా? నీకు నొస్తుందని ఎర్కుండి సుత ఆగనోడు. నువ్వు ఏడుస్తుంటె కూసొని సూసెటోడు. గా మాట ఊకూకె అనొద్దు బిడ్డా. అంటె అరిగిపోతది. నిజంగ అనాల్సిన నాడు ఎవలు నమ్మరు."

అది ఎవరి గురించో నాకు అప్పుడే అర్థమైంది. మా బాపు తాగడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. మా వీధికంతటికీ మంచి మనిషి. ఇంట్లో మాత్రం, అమ్మ పొద్దంతా వంగి కూర్చుని అతికిన పడుగు పోగుల్ని, మగ్గం మీది నిలువు దారాల్ని, కత్తెరతో తెంపేసేవాడు. "మల్ల అతుకు" అని ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. పెద్ద కారణమేమీ ఉండేది కాదు. కళ్లనీళ్లకు అమ్మకు పోగు కనిపించేది కాదు. ఆయన కదలకుండా చూస్తూ ఉండేవాడు.

అమ్మ ఎవరికైనా చెప్పుకుంటే "గంత మంచోడు గట్లెందుకు జేస్తడు? నువ్వేమన్నవో" అనేవాళ్లు. అత్త అలా ఎన్నడూ అనలేదు. తమ్ముణ్ని మందలించి చూసింది కానీ, ఆమె గడప దాటాక అది అమ్మకే చుట్టుకునేది. అందుకని మందలించడం మానేసింది. వచ్చి, పడుగుకు రెండో కొసన కూర్చుని, అమ్మతో పాటు తనూ పోగులు అతికేది. ఇద్దరి చేతులూ మధ్యలో కలిసేదాకా లేచేది కాదు. నాకు మాత్రం అత్త మీద మంటగా ఉండేది. మాట తెలిసి కూడా ఎందుకు అనదు అని.

బాపు పోయిన రోజు అంది.

మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని మాటలల్లి ఏడుస్తారు. పోయినవాళ్ల మంచినే ఏడవాలి. భార్య ఏడుపు అందరికంటే ముందు వినిపించాలి. అమ్మ గోడకు ఆనుకుని రాయిలా కూర్చుంది. "ఒక్క బొట్టు రాలలేదు సూడు" అని గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు అత్త వచ్చింది. తమ్ముడి తల దగ్గర కూర్చుని, అతని జుట్టు సవరించి, రాగం తీసింది.

"నా సంకల పెరిగితివి తమ్ముడా... నా మరదలు అతికిన పోగులు తెంపితివి తమ్ముడా... ఏడుస్తుంటె కూసొని సూస్తివి తమ్ముడా... గోసవెట్టెటోనివైతివి తమ్ముడా... ఎందుకైతివో చెప్పకపోతివి తమ్ముడా..."

ఒక పెద్దాయన "పోయినోని మీద గవేం మాటలు?" అని గద్దించాడు.

"నా తమ్ముడు. నేనే అంట" అంది అత్త. "గామె ఇన్నేండ్ల సంది చెప్తె విన్నరా? ఇప్పుడు వినుండ్రి."

అమ్మ పాకుతూ వచ్చి అత్త ఒళ్లో తల పెట్టి బావురుమంది. ఆయన కోసం ఏడ్చిందో తన కోసం ఏడ్చిందో నేను ఇప్పటికీ అడగలేదు. అత్త ఒక చేయి తమ్ముడి మీద, ఒక చేయి అమ్మ మీద వేసి ఇద్దరికోసమూ ఏడ్చింది. ఆ తర్వాత "నువ్వేమన్నవో" అని అమ్మను అడిగినవాళ్లు లేరు. అత్తను మాత్రం, శవం మీద నోరు జారిన మనిషని, పుట్టింటి వైపు మిగతావాళ్లు పండగలకు పిలవడం మానేశారు. ఆమె ఆ సంగతి మాకు తెలియనివ్వలేదు. చాలా ఏళ్లకు ఆమె కొడుకు, మా బావ, చెబితే తెలిసింది.

మేం సిద్దిపేట చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ఏడుపు ఎత్తుకోవడానికి అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఆ వీధిలో ఎవరింట్లో పోయినా ఎత్తుకునేది అత్తే కదా. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. కాసేపటికి సన్నగా మొదలై, గోడలు దాటే గొంతు లేచింది. మా అమ్మకు అంత గొంతుందని నాకు తెలియదు.

"నా గోస సూసినదానివి వదినా... తోడబుట్టినోడని దాయకపోతివి వదినా... ఇగ నేనే చెప్పుకుంట వదినా..."

చెప్పుకుంది. కత్తెర సంగతి, పీట సంగతి, అన్నీ అంతమంది ముందు రాగం తీసి చెప్పుకుంది. ఎవరూ గద్దించలేదు.

బావ వచ్చి "అత్తమ్మా, లేపాలె" అన్నాడు. అమ్మకు వినబడలేదు. దారం ఒరిసి ఒరిసి గరుకెక్కిన అత్త వేళ్లను ఒక్కొక్కటే నిమురుతోంది. బయట డప్పు మోగింది. పాడె పట్టేవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అమ్మ ఇంకా నిమురుతూనే ఉంది.