గ్యాలరీ మీద పేరు

ఉప్పల్‌లో బస్సెక్కి కూర్చున్నాక, పక్కసీటులోని నడివయసు ఆవిడ ఒక కాగితం నా చేతికిచ్చింది. నాచారంలోని కబడ్డీ గ్రౌండు గ్యాలరీకి చనిపోయిన తన భర్త పేరు పెట్టాలని విన్నపం. కింద ఇరవై మూడు సంతకాలున్నాయి. లెక్కపెట్టాను.

"ఏ సంవత్సరంలో, ఏ కప్పు గెలిచాడమ్మా?" అని అడిగాను. రికార్డుల సెక్షన్లో పనిచేసినదాన్ని, తేదీ లేని కాగితం మీద సంతకం చేయను.

"ఒక్కటి గూడ గెలవలే పెద్దమ్మా. గని ఆయన ఆడుతుండంటే సుట్టుపక్కల కంపెనీలోళ్లు షిఫ్టులు మార్చుకొని వచ్చేటోళ్లు. ఒకపారి ఫైనల్ల గీత తొక్కిండు. అంపైర్ సూడలే. ఈయననే చెయ్యెత్తి బయటికి పోయిండు. ఒక్క పాయింటుతోని ఓడిన్రు. ఇంటికొచ్చినంక మస్తు తిట్టిన."

వెనకసీటు పెద్దాయన నవ్వాడు. "నేను గూడ తిట్టిన చెల్లె! మళ్ల మరుసటేడు ఆయన ఆటనే సూడనీకి పోయిన. ఇటియ్యి కాగితం." సంతకం చేసి తిరిగిచ్చాడు.

"గ్రౌండు కమిటోళ్లు గూడ మీలెక్కనే కప్పేదని అడుగుతున్రు," అందావిడ నాతో, కోపం లేకుండా.

"అడగడం న్యాయమే. ఓడినవాళ్లందరి పేర్లూ రాస్తే గోడ చాలదు."

"అందర్ని రాయమంటలే పెద్దమ్మా. చెయ్యెత్తినోన్ని రాయమంటున్న."

నేను సంతకం చేయకుండానే నా స్టాపులో దిగిపోయాను.

మొన్న ఆ గ్రౌండు పక్కగా వెళ్లాను. గ్యాలరీకి పేరు పెట్టారు. అది ఒక పైపుల కంపెనీ పేరు. ఏ కప్పు గెలిచారని ఆ కంపెనీని ఎవరూ అడిగి ఉండరు.