వదులైన కట్టుడు పళ్లు

కిందటేడు ముందు పళ్లు రెండు తీయించి పెట్టించుకున్న కట్టుడు పళ్లు ముద్ద కొరికితే ఊడివస్తున్నాయి. అరిగాయేమోనని ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో, మనామాలో పళ్ల డాక్టరుకు చూపించాను. ఆయనది కరీంనగర్.

"పళ్లు మంచిగనే ఉన్నయ్ సార్. మీ దవడ ఎముకే తగ్గింది. పన్ను లేకుంటే ఎముక కరుగుతది."

"ఎన్నాళ్లు?"

"మొదటి ఏడాది జాస్తి. తర్వాత నెమ్మదిగ. పూర్తిగ అయితే ఆగది. కొత్తయి చేస్త, ఇవి పారేయుండ్రి."

ఆ పాతవాటి రంగు ఎంచింది నా భార్య. "మరీ తెల్లవి వద్దండీ, ఎవరి నవ్వో అనుకుంటారు" అంది. ఈ వేసవిలో ఆమె చనిపోయింది.

కొత్తవాటికీ అదే రంగు చెప్పి, పాతవి జేబులో వేసుకొచ్చాను. సరిపోని పళ్లు దాచుకున్నవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?