చెప్పి పెట్టిన బొట్టు

తెల్లవారుతూనే కర్నూలు బస్టాండు ఎదుట ఉగ్గాని తాలింపు వాసన తగిలితే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. నానబెట్టి పిండిన బొరుగులు, మీద పుట్నాలపొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మొన్న బస్సు కోసం నిలబడి ఆ వాసన పీలుస్తుంటే, "తిను పద్మా. పిలుపుకు పొయ్యేటోళ్లు ఆకలి మీద పోగూడదు. మాట దురుసుగా వస్తాది" అన్న గొంతు చెవిలో పడినట్లయింది. ఆ గొంతు మా హెడ్మాస్టరమ్మ రహమత్‌బీ మేడంది. ఆమె పోయి రెండేళ్లు దాటింది. పొట్లం కట్టించుకోకుండా అక్కడే నిలబడి తిన్నాను.

నేను ఆమె బడిలో తెలుగు టీచరుగా చేరేనాటికి నా భర్త పోయి ఏడాది కూడా కాలేదు. అప్పట్లో నన్ను చూసిన ప్రతివాళ్లూ ముందొక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాత మాట్లాడేవారు. మేడం మాత్రం నా సర్టిఫికెట్లు చూసి, కళ్లద్దాలు పైకి జరిపి, "ఎనిమిదో తరగతి పిల్లోళ్లు శానా అల్లరి. నీకు వాళ్లనే ఇస్తాండా" అంది. ఆ రోజు ఆమె మీద నాకు ఒళ్లు మండింది. నెల తిరిగేసరికి, ఆ ఊళ్లో నన్ను మనిషిలా చూసింది ఆమె ఒక్కతేనని అర్థమైంది. అయినా శుభకార్యాలకు వెళ్లడం మానేశాను. ఎవరూ రావద్దనలేదు. ఎవరో అనేదాకా ఎందుకని నేనే ముందుగా తప్పుకున్నాను, అదే మర్యాద అనుకున్నాను.

ఆ బడిలో నాకు దొరికిన స్నేహితురాలు ఎస్తేరు. లెక్కల టీచరు. ఆలూరు దగ్గరి పల్లెలో, తాతల కాలం నుంచీ చర్చికి వెళ్లే కుటుంబం వాళ్లది. ఆమె ప్రేమించిన శేషు ఊరు గండికోటకు అవతల. తండ్రి లేని శేషును పెంచింది మేనమామ ఓబులయ్య. పెళ్లికి పెద్దలందరూ ఒప్పుకున్నారు, కొందరు మనసుతో, కొందరు పళ్లు కొరుక్కుంటూ. అక్కడితో ఊరుకోకుండా మా జంట ఒక తెలివైన పని చేసింది. ఒకవైపు బొట్టు పెట్టి పిలిచి, ఇంకోవైపు ప్రార్థన చేసి పిలిస్తే ఎక్కువ తక్కువలు వస్తాయని భయపడి, రెండూ మానేసి అందరికీ ఫోనులో శుభలేఖ పంపించేశారు. న్యాయం బాగానే జరిగింది. రెండువైపులా సమానంగా అలిగారు.

అందులో ఓబులయ్య అలక పెద్దది. "ఫోన్లో పటం వేస్తే పిలిచినట్లేనా? నేను రాను" అని కూర్చున్నాడు. పెళ్లికొడుక్కు బాసికం కట్టాల్సింది మేనమామే. తమ్ముడు రాని పెళ్లికి నేనెట్లా వస్తానని శేషు తల్లి కూడా భీష్మించుకుంది. ఎస్తేరు స్టాఫు రూములో కూర్చొని వెక్కివెక్కి ఏడ్చింది. "అత్త రాకుండా ఈ పెళ్లి నాకొద్దు మేడం. జీవితాంతం ఆమె ముఖం ఎట్ల చూసేది?"

మేడం నవ్వింది. "రావాలని లేనోడు అలుగుతాడా? పిల్ల తమ మతం కాదని ఆయప్పకు లోపల గుచ్చుకుంటాంది. అది చెప్పలేక పిలుపు మీద పెట్టినాడు. పిలిచేస్తే సరి! ఆదివారం పోదాం. పద్మా, నువ్వూ రా."

నేనెందుకని అడిగితే వినబడనట్లు గొడుగు తీసుకొని వెళ్లిపోయింది.

ఆదివారానికి ముందు రోజు ఆలూరు వైపు వెళ్లొచ్చాం. అక్కడ పని సులువుగానే అయింది. ఎస్తేరు తాత మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాడు. వాన దగ్గర మొదలై, కంది చేను, బడి పిల్లలు, వధూవరులు, మళ్లీ వాన. తెచ్చిన టీ చల్లారిపోయింది. తలమీద కొంగు కప్పుకొని కదలకుండా కూర్చున్న మేడం చివర్లో అందరికంటే గట్టిగా ఆమీన్ చెప్పింది. తాత ఆశ్చర్యపోతే, "ఆ మాట మాకూ ఉందప్పా" అంది. ఆయన మనవరాలి మీద అలక సంగతి వదిలేసి మేడంతో వానల గురించి కబుర్లలో పడ్డాడు.

ఆదివారం ఓబులయ్య ఇంటి అరుగు ఎక్కుతూనే మేడం చేసిన మొదటి పని, నీళ్లు అడగడం. "ఓబులయ్యన్నా, ఎండకు నోరు పిడచకట్టుకపోయింది. చెంబెడు నీళ్లియ్యప్పా." అలిగి కూర్చున్న మనిషి కూడా నీళ్లు అడిగితే లేవక తప్పదు కదా. ఎస్తేరుతో కలిపి ముగ్గురం తాగాం. చెంబు కింద పెట్టి ఆయన, "పటం పంపితే పిలిచినట్లేనా మేడం, మీరే చెప్పండి" అన్నాడు.

"కానే కాదు. తప్పు మా పిల్లోళ్లదే. అందుకే వచ్చినాం" అంది మేడం. ఆయన వాదనకు సిద్ధమై ఉన్నాడు. వాదించడానికి ఏమీ మిగలకపోయేసరికి మీసం సర్దుకున్నాడు.

అప్పుడు మేడం తన చేతిసంచిలో నుంచి కుంకుమ డబ్బీ తీసి నా చేతిలో పెట్టింది. "మేడం, నేను..." అని గొణిగాను. ఆమె గొంతు తగ్గించలేదు సరికదా, వంటింట్లో ఉన్న ఓబులయ్య భార్య లక్ష్మమ్మను కేకేసి పిలిచి మరీ చెప్పింది. "అమ్మా, ఈ పాప పేరు పద్మ. మొగుడు పోయినాడు. మా ఎస్తేరుకు ఇంతకంటే దగ్గరోళ్లు లేరు. పెండ్లికూతురి తరఫున పిలిచేది ఈ పాపే. ఇష్టమైతే బొట్టు పెట్టించుకో, కాదంటే మాటతో పిలుస్తాది. మాకు రెండూ సమ్మతమే."

ఎస్తేరు నా మోచేయి పట్టుకుంది. భూమి చీలిపోతే బాగుండునని నాకు నిజంగానే అనిపించింది. లక్ష్మమ్మ మొగుడి ముఖం చూసింది, నా ముఖం చూసింది. కొంగుతో నుదుటి చెమట తుడుచుకొని నా ముందుకొచ్చి నిలబడింది. "పెట్టు పాపా. ఈయప్ప కోపం ఈయప్పది. నాకు పెండ్లికి పోవాలని ఉండాది."

మొదట నవ్వింది ఓబులయ్యే.

తిరుగు బస్సులో మేడంతో పోట్లాడాను. నలుగురిలో అట్లా ఎందుకు చెప్పారు, నా గోడు ఊరంతా చాటాలా అని అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ నిదానంగా చెప్పింది. "దాచి పెట్టించినాననుకో, రేపు తెలిసినాక నీ చెయ్యి దొంగ చెయ్యి అయితాది. చెప్పి పెట్టించినా. ఇంగ ఎవురేమంటారు? తప్పు చేసినోళ్లు దాచుకోవాల. నువ్వేం చేసినావని?" నాకు కోపం తగ్గలేదు.

పెళ్లి కర్నూల్లో జరిగింది. పాస్టరుగారి ప్రార్థన ముందు, అయ్యవారి మంత్రాలు తర్వాత. ఓబులయ్య బాసికం కట్టి, "మా మంత్రాలే పొడుగనుకుంటి, మీ ప్రార్థన ఇంకా పొడుగుండాదే" అని ఎస్తేరు తాతను ఆటపట్టించాడు. శేషు తల్లి కొత్త చీరలో కొడుకు పక్కనే నిలబడింది. నేను అలవాటుగా తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చున్నాను. మేడం వచ్చి నా పక్కనే కూర్చుంది. అక్షింతల వేళకు లక్ష్మమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "పిలిచినోళ్లు ఈడ దాక్కుంటే, వచ్చినోళ్లం మేమేమి కావాల?" అని నా రెక్క పట్టుకొని తీసుకుపోయింది. ఎస్తేరు తలమీద అక్షింతలు వేస్తుంటే ఏడుపొచ్చింది. సంతోషంతోనే ఏడ్చాను.

మొన్న ఆ బస్సు ఎక్కింది కూడా పిలుపు కోసమే. మా బడిలో కొత్తగా చేరిన టీచరమ్మాయి తన పెళ్లికి పిలవడానికి నన్ను తోడు రమ్మంది. మొదటి ఇంట్లోనే నీళ్లు అడిగి తాగి, నా సంగతి నేనే చెప్పాను. ఆ ఇంటి పెద్దావిడ, "ఏమనుకోవద్దు పాపా, మాటతో చెప్పు చాలు" అంది. సరేనమ్మా అని మాటతో పిలిచాను, తప్పకుండా రమ్మన్నాను. నాకు బాధ కలిగింది. సిగ్గు మాత్రం కలగలేదు. బయటికొచ్చాక పెళ్లికూతురు నా ముఖంలోకి చూడలేక, "మిగతా ఇండ్లకు నేనొక్కదాన్నే పోతాలే అక్కా" అంది.

"యాల? పక్కింట్లో చెప్పొద్దా?" అని నేనే ముందు నడిచి, ఆ గడపలో నిలబడి, నేనెవరో చెప్పాను.