విటొరీన్ బిగించిన తీగలు

షారా ఊరి విటొరీన్ రెఫాలో అనే ఆవిడ మొట్టమొదట తీగలు కట్టి నిలబెట్టిన విమానం సీ గ్లాడియేటరు. అరచేతిలో ఇమిడే పోత లోహపు బొమ్మ అది. పైనొక రెక్క, కిందొక రెక్క, తోక కింద ఓడమీది తాడుకు తగులుకునే కొక్కెం. ఆ రెండు రెక్కల నడుమ ఆమె పట్టుదారంతో బిగించిన తీగలు దక్షిణపు గాలికి కూడా సడలలేదు. మాల్టా పక్కనున్న మా గోజో దీవి మొత్తంలో అంతకు ముందు ఆ పని చేసినవాళ్లు లేరు. మా ఊరి మనిషి కాబట్టి చెప్పడం కాదు, ఉన్నమాటే.

అంతకు ముందు మాత్రం ఆమె తక్కువదా? మా చర్చిలో పెద్ద పీఠం మీద పరిచే గుడ్డకు లేసు అంచు ఆమెదే. బిషప్పుగారు పండగనాడు తొడిగే తెల్లంగీ అంచు ఆమెదే. వీధికి వీపు పెట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్లో గడ్డిదిండు నిలబెట్టుకుని ఆమె దారం చుట్టిన కండెలు తిప్పుతుంటే దారినపోయేవాళ్లు నడక నెమ్మది చేసేవాళ్లు. షారాలో లేసు అల్లే ఆడపిల్ల ఎవరైనా సరే, మొదటి ముడి ఆ గుమ్మంలో వేసిందే.

ఆమె భర్త విస్తిన్ మాల్టాకూ గోజోకూ మధ్య తిరిగే ఓడలో తాళ్లు విసిరి, తాళ్లు చుట్టి ముసలివాడయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ల నాన్న పిల్లవాడు. మిద్దె ఎక్కి, తలమీద ఆ జంట రెక్కల విమానాలు పోతుంటే చూశాడట. బతికినన్నాళ్లూ రాత్రి భోజనానికి కూర్చుంటే ఆ కథే చెప్పాడు. అందుకే విస్తిన్ పని మానిన ఏడాది ఆ విమానం నమూనా తెప్పించుకున్నాడు. కొన్ని పెట్టెలే చేసి అచ్చు ఆపేశారట. ముద్ర విప్పని పెట్టెకే గౌరవం అని ఇలాంటి బొమ్మలు పోగుచేసుకునే వాళ్ల నియమం. అద్దాల బీరువాలో పెట్టి, అట్టపెట్టెకున్న చిన్న కిటికీలోంచి చూసుకుని మురిసిపోయేవాడు.

ఈస్టరు వెళ్లాక ఇళ్లు దీవించడానికి మా చర్చి ఫాదరు డున్ మికీల్ వచ్చాడు. మా దగ్గర ఫాదరు వచ్చే రోజు ఇంట్లో తలుపన్నది మూసి ఉండదు. గదులు, బీరువాలు, రొట్టెల డబ్బా, కోళ్ల గూడు అన్నీ తెరిచి పెడతారు. విస్తిన్ బ్యాండు క్లబ్బులో కాఫీ తాగుతున్నాడు. విటొరీన్ అన్నీ తెరిచింది. చివరికి ఆ పెట్టె కళ్లబడింది. మూసిన పెట్టెలోకి దీవెన ఎలా వెళ్తుంది? ముద్ర కోసి మూత తీసింది. డున్ మికీల్ చేతికి పిసినారితనం లేదు. పవిత్రజలం బాగానే చల్లాడు. విమానానికేమీ కాలేదుగానీ, అట్టమీద చుక్కలు పడి రంగు ఉబ్బింది.

విస్తిన్ వచ్చి చూశాడు.

"ఎవరు విప్పారు?"

"నేనే. ఇల్లంతా దీవిస్తుంటే నీ ప్రాణం పెట్టుకున్న దాన్నొక్కదాన్నీ వదిలేయమంటావా?"

"పోయింది. ఇక ఇది పిల్లలాడుకునే బొమ్మ" అని పెట్టెను గోడవైపు తిప్పి పెట్టాడు.

ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడితే ఒట్టు. ఉప్పు కావాలంటే పిల్లితో చెప్పేవాడు. క్లబ్బులో మిత్రులు ఊరుకుంటారా? దీవెన పడ్డ విమానం కదా, ఇక పెట్రోలు లేకుండా ఎగురుతుందిలే అని ఆటపట్టించారు. అతను కాఫీ గ్లాసు సగంలో వదిలేసి వచ్చేశాడు.

విటొరీన్ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. తన చేత్తో పాడైంది, తన చేత్తోనే బాగుపడాలి అనుకుంది. ఒకనాడు పెట్టెను ఇటు తిప్పి చూసింది. మూతమీద రంగుల బొమ్మలో విమానం రెక్కల మధ్య సన్నటి తీగలు అడ్డంగా, నిలువుగా సాగి ఉన్నాయి. లోపలి వస్తువులో ఒక్కటీ లేదు. తీగలు కడతానని భర్తతో అంది. పాడవ్వడానికి ఇంకేం మిగిలిందని అతను పిల్లితో అన్నాడు.

మొదట మామూలు దారం కట్టింది. నూగు లేచి మోకుతాడులా కనబడింది. తరువాత లేసు పట్టు కట్టింది. చూడముచ్చటగా ఉంది. ఇంతలో దక్షిణపు గాలి, తేమ మోసుకుని దీవి మీద పడింది. పట్టు సాగి బట్టలారేసే తీగలా వేలాడింది. ఇంకోసారి ఒకవైపు గట్టిగా లాగేసరికి పైరెక్క ఒరిగింది. అన్నీ విప్పేసింది. అప్పుడు తట్టింది, లేసులో ఏ దారమూ ఒంటరిగా నడవదని. పట్టుకు తేనెమైనం రుద్ది, విమానాన్ని దిండు మీద బోర్లా పడుకోబెట్టి, చుట్టూ గుండుసూదులు గుచ్చి, కుడి ఎడమల దారాలు జంటలుగా తీసుకుని, ఒక్కో కొసకూ కండె వేలాడదీసింది. కండెల బరువుకు దారాలు సమంగా బిగిశాయి. జిగురు ఆరాక కొసలు కత్తిరించింది.

మళ్లీ దక్షిణపు గాలి వచ్చింది. గోడలు చెమర్చాయి, రొట్టె మెత్తబడింది. విటొరీన్ వంటింట్లో మేకజున్ను ఉప్పులో వేస్తూ, బీరువావైపు వెళ్లడానికి భయపడింది. విస్తినే వెళ్లాడు. గోటితో ఒక తీగ మీటాడు.

"మోగుతోంది" అన్నాడు. పిల్లితో కాదు, ఆమెతోనే.

మాట కలిసిందిగానీ మనసు పూర్తిగా రాలేదు. తీగలున్న విమానం పాత పెట్టె గూట్లో పట్టదు. అతను దాన్ని పై అరలో, పళ్లేల వెనక పెట్టాడు. ఎవరికీ చూపించలేదు.

మా సందులో అద్దెకు దిగిన ప్రిచర్డ్ అనే వేల్సు పెద్దమనిషి పళ్లేలు అరువడగడానికి వచ్చి చూసేశాడు. ఆయన దగ్గరా అలాంటి విమానాలున్నాయి. ఒకటి తెచ్చి ఇచ్చాడు, ఆమె తీగలు కట్టింది. తరువాత ఆయన స్నేహితులవి వచ్చాయి. ఇప్పుడు స్కాట్లండునుంచీ, కెనడానుంచీ దూదిలో చుట్టిన విమానాలు మా ఊరి తపాలా కార్యాలయంలో దిగుతున్నాయి. తపాలా అతను సంచి దించుతూ, షారాకు విమానాశ్రయం వచ్చిందహో అంటాడు. చూపు తగ్గిందనుకున్న వయసులో, దీవి దాటని మనిషికి, ఇది చిన్న సంగతా!

ఈ ఏడాది ఇంగ్లీషు ఓడరేవు పోర్ట్స్‌మత్‌నుంచి పిలుపు వచ్చింది. ఓడ విమానాల నమూనాలు పోగుచేసుకునే వాళ్లందరూ ఆగస్టు చివర అక్కడ చేరతారు. వచ్చి చేతిపని చూపించాలి, మొదట కట్టిన విమానం తప్పకుండా తేవాలి అన్నారు. విటొరీన్ వెంటనే రానని చెప్పించింది. విమానం విస్తిన్‌ది. ఒకసారి అడక్కుండా ముట్టుకుంది. మళ్లీ అడిగే మొహం లేదు.

ఈ సంగతి ప్రిచర్డ్ క్లబ్బులో అన్నాడు. విస్తిన్ నేరుగా ఇంటికి వచ్చి పెరట్లో రంపం తీశాడు. వారమంతా చెక్క కోస్తున్న చప్పుడే. ఏం చేస్తున్నావంటే గూడు పాడైంది, కోళ్లు పోతున్నాయన్నాడు. ఆదివారం కుందేలు కూర తిన్నాక కారబ్ చెట్టు చెక్కతో చేసిన పెట్టె ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. లోపల రెక్కలకూ చక్రాలకూ వేరువేరు గాడులు, వాటికి మెత్తగా ఆమె పారేసిన లేసు ముక్కలు.

"కొలిచి చేశాను. తీగలకు ఎక్కడా తగలదు."

విటొరీన్ చాలాసేపు ఆ గాడుల్లో వేలు పెట్టి చూసింది.

"తీసుకెళ్లమంటావా?"

"ఎవరిదని అడుగుతారు. నీదని చెప్పు."

"మరి నువ్వూ రారాదూ?"

"ఓడ వెళ్లే చోటికైతే వస్తాను. గాల్లోకి నేను రాను. ఆ పని నీదీ దానిదీ."

జీవితమంతా విమానాల బొమ్మలు చూసి మురిసినవాడు, విమానం ఎక్కడానికి ఇంత భయమా అని ఊరంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

నిన్న పొద్దున మా దీవి రేవు ఇంజార్‌లో పాత ఓడ మిత్రులు అతనికి మాల్టా ఓడ తాడు ఇచ్చి, నువ్వే విప్పు, నీ ఆవిడనూ నీ విమానాన్నీ నువ్వే సాగనంపు అన్నారు. అతను తాడు విప్పి, నా విమానం కాదు, ఆవిడదే అని సరిదిద్దాడు. పైన ఓడ కమ్మీల దగ్గర విటొరీన్ చెక్కపెట్టెను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చెయ్యి ఊపడానికి కూడా పెట్టె వదల్లేదు.

మా చర్చి దేవమాత పండగ వచ్చే నెల ఎనిమిదిన. ముందురోజు సాయంత్రం పీఠం మీద లేసుగుడ్డ పరిచేది ఆమే, ఇంకెవరూ ఆ మడతలు ముట్టుకోరు. కాబట్టి విటొరీన్ తిరిగి వచ్చేది సెప్టెంబరు ఏడున, మధ్యాహ్నపు ఓడకు.