ఎల్డన్ రాస్ముసెన్ కొండ దిగిన ఆదివారం

మా నార్బీలో యూనివర్సిటీ కొండమీద ఉంటుంది, ఊరు కింద ఉంటుంది. ఎల్డన్ రాస్ముసెన్ ఆ యూనివర్సిటీని నడిపే ప్రెసిడెంటు అవుతాడని మాలో ఎవరూ అనుకోలేదు. పాడి రైతు కొడుకు. వాళ్ళ నాన్న మేకులూ, కంచె తీగా మా ఇనుప సామాన్ల కొట్లోనే కొనేవాడు. ఎల్డన్ చదువుకుని ఆ కొండమీదే కెమిస్ట్రీ మేష్టారయ్యాడు, తర్వాత డీన్ అయ్యాడు. పాత ప్రెసిడెంటు వెళ్ళిపోయాక పాలకమండలిలో రెండు వర్గాలు కొట్టుకున్నాయి. రెంటికీ అభ్యంతరం లేని మనిషి ఇతనొక్కడే కావడంతో కుర్చీ ఇతనికి దక్కింది.

ఆ ఉద్యోగంలో సగం పని అడగడమే. ధనవంతుల ఇళ్ళకు భోజనానికి వెళ్ళి, కాఫీ వచ్చే వేళకు విరాళం మాట ఎత్తాలి. ఎల్డన్ మాత్రం వానల గురించీ ఆవుల గురించీ మాట్లాడి, వంట బాగుందని చెప్పి లేచి వచ్చేసేవాడట. అతని భార్య కొరీన్ మా కొట్టుకి వచ్చినప్పుడల్లా ఇది చెప్పి నవ్వేది. నిర్ణయాలూ నాన్చేవాడు. హాస్టల్ గదుల్ని వెచ్చబెట్టే ఆవిరి పైపులు పాతబడ్డాయని పనివాళ్ళు మొత్తుకున్నా, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

అప్పటికి ఊరికీ కొండకీ మాటల్లేవు. చలికాలంలో కొండ అవతలి సరస్సు గడ్డకట్టాక, మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టడానికి ట్రక్కుల్లో వెళ్ళేవాళ్ళంతా యూనివర్సిటీ లోపలి రోడ్డునే పోయేవారు. ఒడ్డున ఇల్లున్న ఒక పెద్ద దాతకు ట్రక్కుల చప్పుడు గిట్టలేదు. పాత ప్రెసిడెంటు ఆ రోడ్డుకు గేటు పెట్టి తాళం వేయించాడు. ఎల్డన్ వచ్చాకా అది తెరుచుకోలేదు. ఆ కొండమీది వాళ్ళకు మేకు కూడా అమ్మొద్దని మా మరిది డ్వైట్ నాతో రోజూ పోట్లాడేవాడు.

ఆ జనవరి ఆదివారం మంచు తుఫానుకు హైవే మూసేశారు. చర్చి కింది హాల్లో మేమంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా తలుపు తోసుకుని ఎల్డన్ వచ్చాడు. కొండ దిగి నడిచే వచ్చినట్టున్నాడు, కనుబొమలు మంచుతో తెల్లబడ్డాయి. టోపీ తీసి చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

చివరికి అన్నాడు. "పెద్ద పైపు పగిలింది. హాస్టళ్ళన్నీ చల్లబడిపోతున్నాయి. బాగుచేసేవాళ్ళు రావాలంటే రోడ్డు లేదు. పిల్లల్ని మీ ఇళ్ళలో ఉంచుకోవాలి. అడగడానికే వచ్చాను."

డ్వైట్ ఫోర్కు పక్కన పెట్టాడు. "గేటు మూసినప్పుడు ఈ ఇళ్ళు గుర్తురాలేదేం, ప్రెసిడెంటు గారూ?"

"మూసింది నేను కాదు. కానీ తెరవనిది నేనే. ఆ దాతకు కోపమొస్తుందని భయపడ్డాను. పైపుల సంగతీ నాకు ముందే తెలుసు. ఈ రెంటికీ నన్ను తిట్టు డ్వైట్, పడతాను. పిల్లలేం చేశారు?"

డ్వైట్ పక్క బల్ల దగ్గర మా చర్చి పెద్దావిడ హిల్డా ఉంది. చిన్నప్పుడు ఆదివారం బడిలో మా అందరికీ చెవులు మెలిపెట్టిన మనిషి. "ఒరే డ్వైట్, నీ ట్రక్కులో ఎంతమంది పడతారు?" అని అడిగింది.

"కుక్కితే ఆరుగురు," అని గొణిగి లేచాడు వాడు.

చీకటి పడేలోగా పిల్లలందరూ కిందికి వచ్చేశారు. మా ఇంటికి మంచు ఎరగని టెక్సాస్ అమ్మాయిలు ఇద్దరు వచ్చారు. పొయ్యి వదిలి కదల్లేదు, నేను చేసిన బంగాళాదుంపల కూర గిన్నె అడుగుదాకా తిన్నారు. డ్వైట్ తన ఇంట్లో కుర్రాళ్ళతో పేకాట ఓడిపోయి, కసికొద్దీ వాళ్ళను మంచుమీద చేపలకు తీసుకెళ్ళాడు. పైపు బాగయ్యాక కూడా వాళ్ళు వాడి వంటగదిలోనే తేలేవారు.

హైవే తెరుచుకున్న వారంలోనే, పాలకమండలిని అడక్కుండా, ఎల్డన్ ఆ గేటు పీకించాడు. దాత తన విరాళం వెనక్కి తీసుకున్నాడు. ఆ డబ్బుతో కట్టాల్సిన సైన్సు భవనం పునాదుల దగ్గరే ఆగింది. తోటి మేష్టర్లే కొందరు మొహం తిప్పుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, ఆ భవనం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు పాపం. గడువు ముగిశాక పాలకమండలి అతన్ని మళ్ళీ తీసుకోలేదు. ఇంకో ఊరి కాలేజీ ప్రెసిడెంటుగా రమ్మని పిలిచినా వెళ్ళక, తన పాత కెమిస్ట్రీ క్లాసుకే తిరిగిపోయాడు.

మొదటి రోజు పాఠం చెప్పి, సాయంత్రం చేతి తొడుగుల కోసం మా కొట్టుకి వచ్చాడు. ఎలా ఉందని అడిగాను.

"వెనక బల్లమీద ఒకమ్మాయి నిద్రపోయింది," అన్నాడు.

"మరి లేపలేదా?"

"లేదు. ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు నా ఉపన్యాసాలకు అందరూ మేలుకునే ఉన్నట్టు నటించేవాళ్ళు. ఈ పిల్ల హాయిగా పడుకుంది. నాకూ ప్రాణం తెరిపిన పడ్డట్టయింది."

తొడుగులు రెండూ వేసుకుని వేళ్ళు ఆడించి చూసుకున్నాడు. కొంచెం బిగువని చెప్పి, పెద్దవి తీసుకుని వెళ్ళాడు.